తల్లి గుడ్డులో పెట్టి పంపే కాపలా



మన కోలారు జిల్లా అనగానే బంగారం, పట్టు, పాలు అని మూడు మాటలు చెప్పుకుంటారు. వాటిలో బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. పట్టు, పాలు మిగిలాయి. ఈ బులెటిన్ అందుకునే మీలో కొందరి తాతలు కె.జి.ఎఫ్. గనుల్లో దిగి పనిచేసినవారు. కొందరి ఇళ్ళలో ఇప్పటికీ పట్టుపురుగులు మేపుతున్నారు. నేను పీయూసీ పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. ఏటా ఎవరో ఒకరు నాతో అనే మాట ఒకటుంది: "సార్, ఈ డి.ఎన్.ఏ.లు, ఆర్.ఎన్.ఏ.లు అన్నీ ఎక్కడో జపాన్‌లో, అమెరికాలో జరిగే సంగతులు. మార్కుల కోసం చదువుతాం, అంతే."

ఆ మాటకు జవాబుగానే ఈ వ్యాసం రాస్తున్నాను. గత ఇరవై ఏళ్ళలో జీవశాస్త్రంలో బయటపడిన గొప్ప విషయాల్లో ఒకటి, మన ఇళ్ళలో చంద్రికల మీద గూడు కట్టే పురుగును పరిశీలిస్తుండగా తేలింది. అది అర్థమైతే సైన్సు తెలియడంతోపాటు, మన కుటుంబాల్లో ఆడవాళ్ళ మీద వేసే రెండు నిందల సంగతి కూడా తేలిపోతుంది. కొంచెం ఓపికగా చదవండి. కష్టమైన పదాలు వచ్చినచోట వివరిస్తూ వెళతాను.

తల్లి ఏ జాతిదో ఎందుకు చూస్తారు?

ముందు మనకు తెలిసిన సంగతితో మొదలుపెడదాం. మన ప్రాంతపు పట్టు రైతులు చాలా ఏళ్ళుగా మేపుతూ వచ్చినది సంకరజాతి. అందులో తల్లి ప్యూర్ మైసూరు, తండ్రి సి.ఎస్.ఆర్.2 లాంటి బైవోల్టిన్ జాతి. ప్యూర్ మైసూరు మన ఎండకు తట్టుకుంటుంది, కాని పట్టు తక్కువ. బైవోల్టిన్‌లో పట్టు ఎక్కువ, కాని అది సుకుమారం. రెండింటినీ కలిపితే రెండు మంచి గుణాలూ కొంతకొంత వస్తాయి.

మరి తల్లిని బైవోల్టిన్‌గా, తండ్రిని ప్యూర్ మైసూరుగా తారుమారు చేస్తే ఏమవుతుంది? జన్యువుల లెక్కన పిల్లలు దాదాపు ఒకటే. ఎటు చూసినా సగం అక్కడిది, సగం ఇక్కడిది. కాని ఆ గుడ్లు పది రోజుల్లో పగలవు. నెలల తరబడి నిద్రపోతాయి. వాటిని లేపాలంటే ఆమ్లంలో ముంచాలి, లేదా కొంతకాలం చల్లని గదిలో ఉంచి తీయాలి. కారణం ఏమిటంటే, బైవోల్టిన్ తల్లి ప్యూపాగా ఉన్నప్పుడు ఆమె శరీరంలో ఊరే ఒక హార్మోను అండాశయం మీద పనిచేసి, గుడ్లకు నిద్ర గుణాన్ని ఇస్తుంది. ఆ హార్మోను ఊరడం ఊరకపోవడం అనేది, ఆ తల్లి తాను గుడ్డులో ఉన్న రోజుల్లో పొందిన వెచ్చదనం, వెలుతురు మీద ఆధారపడుతుంది. అంటే తల్లి చవిచూసిన వాతావరణం పిల్ల నిద్రను నిర్ణయిస్తోందన్నమాట.

రెండో ఉదాహరణ పెబ్రిన్ రోగం. ఫ్రాన్స్ దేశపు పట్టు పరిశ్రమ ఈ రోగంతో కుప్పకూలుతుంటే 1865లో లూయీ పాశ్చర్ దానిని పరిశోధించడం మొదలుపెట్టాడు. రోగం తల్లి నుంచి గుడ్డు ద్వారా పిల్లకు వస్తుందని తేల్చాడు. గుడ్లు పెట్టిన తల్లి సీతాకోకచిలుకను నలిపి సూక్ష్మదర్శినిలో చూడటం, రోగం కనిపిస్తే ఆ గుడ్లను నాశనం చేయడం అనే పద్ధతి ఆయనదే. మన గ్రేనేజీల్లో "రోగరహిత గుడ్లు" అని ఇచ్చేవి ఆ పరీక్ష దాటి వచ్చినవే.

కాబట్టి గుడ్డు అంటే ఒట్టి జన్యువుల పొట్లం కాదు. అందులో తల్లి పెట్టి పంపిన సరుకు చాలా ఉంటుంది. ఆ సరుకులో శాస్త్రవేత్తల కంటికి ఆలస్యంగా చిక్కిన వస్తువు ఒకటుంది. అదే నేను చెప్పబోయే చిన్న ఆర్.ఎన్.ఏ. దాని అవసరం ఏమిటో తెలియాలంటే ముందు అది ఎవరిని కాపలా కాస్తున్నదో తెలియాలి.

గెంతే జన్యువులు

డి.ఎన్.ఏ.ను ఇంట్లో బీరువాలో భద్రపరిచే అసలు దస్తావేజుల కట్ట అనుకోండి. ఆర్.ఎన్.ఏ. అందులోంచి అవసరానికి తీసే నకలు. ఆ నకలు చూసి కణం ప్రోటీన్లు తయారుచేస్తుంది. ఈ కట్టలో కొన్ని విచిత్రమైన కాగితాలు ఉన్నాయి. వాటిలో పొలం హద్దుల్లేవు, వాటాల వివరాల్లేవు. "నన్ను నకలు తీసి ఇంకోచోట కుట్టు" అని మాత్రమే రాసి ఉంటుంది. అలా అవి ఒక పుట నుంచి ఇంకో పుటకు చేరుతూ పెరిగిపోతాయి. వీటిని ట్రాన్స్‌పోజాన్లు అంటారు. మనం గెంతే జన్యువులు అందాం.

వీటిని మొదట కనిపెట్టినది బార్బరా మెక్లింటాక్ అనే అమెరికా శాస్త్రవేత్త. 1940లలో మొక్కజొన్న గింజల మీది రంగు మచ్చలను పరిశీలిస్తూ, జన్యు భాగాలు చోటు మారుతున్నాయని ఆమె గుర్తించింది. చాలామంది నమ్మలేదు. 1983లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి ఆమె వయసు 81 ఏళ్ళు.

మనిషి జీనోములో, అంటే మొత్తం డి.ఎన్.ఏ.లో, దాదాపు 45 శాతం ఈ గెంతే జన్యువులు, వాటి శిథిలాలే. ప్రోటీన్లకు సూత్రాలు ఇచ్చే భాగం రెండు శాతం కూడా లేదు. పట్టుపురుగులో గెంతే జన్యువుల వంటి పునరావృత భాగాలు 40 శాతానికి పైగా ఉన్నాయి. వీటిలో చాలావరకు పాతబడి చచ్చినవే. కాని బతికున్నవి గెంతితే ప్రమాదం. అవసరమైన జన్యువు మధ్యలో దూరితే ఆ జన్యువు చెడిపోతుంది. 1988లో అమెరికాలో హైగ్ కజాజియన్ బృందం, గాయమైతే రక్తం గడ్డకట్టని హీమోఫీలియా జబ్బు ఉన్న 240 మందిని పరీక్షించింది. వారిలో ఇద్దరికి, రక్తం గడ్డకట్టించే జన్యువులోకి ఇలాంటి గెంతే జన్యువు కొత్తగా వచ్చి దూరడమే కారణమని తేలింది.

ఒంట్లోని మామూలు కణంలో గెంతితే నష్టం ఆ మనిషితో పోతుంది. బీజకణాల్లో, అంటే అండాలను, వీర్యకణాలను ఇచ్చే కణాల్లో గెంతితే నష్టం వంశానికి అంటుతుంది. అందుకే కాపలా అంతా ముఖ్యంగా బీజకణాల దగ్గర ఉంది.

ఈగల సంసారంలో చిక్కు

కుళ్ళిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగలు మీకు తెలుసు. వాటి బంధువే డ్రోసోఫిలా. ప్రయోగశాలల్లో వందేళ్ళకు పైగా పెంచుతున్న ఈగ ఇది. దానిలో ఒక చిక్కు చాలాకాలం ఎవరికీ అర్థం కాలేదు. బయట తోటల్లో పట్టుకొచ్చిన మగ ఈగను, ప్రయోగశాలలో తరతరాలుగా ఉన్న ఆడ ఈగతో కలిపితే పిల్లలు పుడతాయి కాని, ఆ పిల్లలు గొడ్డువి అవుతాయి. వాటి బీజకణాలు పాడైపోతాయి. అదే తోటలోని ఆడ ఈగను ప్రయోగశాల మగ ఈగతో కలిపితే పిల్లలు శుభ్రంగా ఉంటాయి. 1977లో మార్గరెట్ కిడ్వెల్, ఆమె సహచరులు ఈ చిక్కును వివరంగా ప్రచురించారు.

కారణం "పి" అనే ఒక గెంతే జన్యువు. అది వేరే జాతి ఈగ నుంచి వచ్చి, ఇరవయ్యో శతాబ్దంలో కొన్ని దశాబ్దాల్లోనే ప్రపంచమంతటా ఉన్న తోటల ఈగల్లోకి పాకింది. అంతకుముందే సీసాల్లోకి చేరిన ప్రయోగశాల ఈగల్లో అది లేదు. కాబట్టి తండ్రి నుంచి "పి" వస్తే పిల్లలో అది విచ్చలవిడిగా గెంతుతుంది. మరి తల్లి నుంచి అదే "పి" వచ్చినప్పుడు ఎందుకు గెంతడం లేదు? జన్యువు ఒకటే కదా! తల్లి ఆ దొంగతోపాటు ఇంకేదో కూడా పంపుతోందని అందరికీ అనుమానం. ఆ "ఇంకేదో" ఏమిటో తెలియడానికి మరో ముప్పై ఏళ్ళు పట్టింది. 2008లో యూలియస్ బ్రెన్నెకె, గ్రెగొరీ హానన్ బృందం జవాబు చెప్పింది. తల్లి గుడ్డులో పెట్టి పంపుతున్నవి చిన్న చిన్న ఆర్.ఎన్.ఏ.లు. ఆ దొంగను పట్టించే గుర్తులు వాటిలో ఉన్నాయి. తండ్రి వీర్యకణంలో వాటికి చోటు లేదు.

కాపలా ఎలా పనిచేస్తుంది?

ఈ చిన్న ఆర్.ఎన్.ఏ.లను పై-ఆర్.ఎన్.ఏ.లు అంటారు. "పీవీ" అనే కుటుంబానికి చెందిన ప్రోటీన్లతో కలిసి పనిచేస్తాయి కాబట్టి ఆ పేరు వచ్చింది. పొడవు సుమారు 24 నుంచి 31 అక్షరాలు మాత్రమే. 2006లో నాలుగు బృందాలు ఎలుక జాతుల వృషణాల్లో వీటిని వేలాదిగా కనిపెట్టాక లోకమంతా వీటివైపు చూసింది. వీటి పనిని మెట్లుగా చెబుతాను.

1. రిజిస్టరు: పోలీసు స్టేషనులో పాత నేరస్తుల రిజిస్టరు ఉన్నట్టే, జీనోములో కొన్ని చోట్ల గెంతే జన్యువుల ముక్కలు వరుసగా పడి ఉంటాయి. గెంతుతూ గెంతుతూ ఏదో ఒకటి అక్కడ పడిందంటే, దాని వేలిముద్ర ఆ రిజిస్టరులోకి ఎక్కినట్టే. ఈగలో ఫ్లమెంకో అనేది అలాంటి చోటు.

2. ముక్కలు చేయడం: ఆ రిజిస్టరు మొత్తాన్ని కణం పొడవాటి ఆర్.ఎన్.ఏ.గా నకలు తీస్తుంది. తర్వాత దానిని చిన్న ముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్క ఒక్కో పీవీ ప్రోటీనులో అమరుతుంది. అంచులు ఎక్కువగా ఉంటే ట్రిమ్మర్ అనే ఎంజైము చెక్కి సరిచేస్తుంది. పోలీసు జేబులో దొంగ ఫొటో పెట్టినట్టు, ప్రతి పీవీ ప్రోటీనులో ఒక గుర్తు ఉంటుంది.

3. పట్టుకోవడం: ఆర్.ఎన్.ఏ.లో ఎ అక్షరం యు తోను, జి అక్షరం సి తోను జతకడతాయని మీరు చదివారు. గెంతే జన్యువు నకలు కణంలో తిరుగుతూ కనిపిస్తే, పై-ఆర్.ఎన్.ఏ. దానితో అక్షరం అక్షరం సరిపోల్చుకుంటుంది. సరిపోతే పీవీ ప్రోటీను ఆ నకలును కత్తిరిస్తుంది.

4. పెంచుకోవడం: ఇది చాలా తెలివైన ఏర్పాటు. కత్తిరించిన దొంగ ముక్క కూడా వృథా కాదు. అదే ఇంకో పీవీ ప్రోటీనులో చేరి, రిజిస్టరు నకలును కోసి, మళ్ళీ మొదటిరకం ముక్కలను తయారుచేస్తుంది. బంతి ఇటూ అటూ పోయినట్టు ఉంటుంది కాబట్టి 2007లో దీనిని కనుగొన్నవారు పింగ్-పాంగ్ అని పేరు పెట్టారు. దొంగ ఎంత అల్లరి చేస్తే కాపలా అంత పెరుగుతుంది.

5. తలుపు మూయడం: ఈగలో కొన్ని పీవీ ప్రోటీన్లు కేంద్రకంలోకే వెళ్ళి, గెంతే జన్యువు ఉన్నచోట డి.ఎన్.ఏ.ను గట్టిగా చుట్టి ఉంచే ముద్రలు వేయిస్తాయి. ఇక నకలు తీయడమే కుదరదు.

6. వారసత్వం: తల్లి ఈ పై-ఆర్.ఎన్.ఏ.లను గుడ్డులో నింపుతుంది. పిల్ల తన పింగ్-పాంగ్ మొదలుపెట్టడానికి అవే తోడు మజ్జిగ. పాలు ఎన్ని ఉన్నా తోడు లేనిదే పెరుగు కానట్టు, రిజిస్టరు ఎంత బాగున్నా తల్లి ఇచ్చిన తోడు లేకపోతే కాపలా సరిగా నిలబడదు.

ఇది అన్ని జీవుల్లో ఒకే తీరుగా ఉండదు. 2012లో వెలువడిన పరిశోధనల ప్రకారం, ఒక రకం నులిపురుగులో ఇలా మొదలైన మౌనం ఇరవై తరాలకు పైగా సాగింది. ఎలుకల్లో మగపిల్ల ఇంకా తల్లి గర్భంలో ఉండగానే, దాని బీజకణాలు స్వయంగా పై-ఆర్.ఎన్.ఏ.లు తయారుచేసుకుని గెంతే జన్యువుల మీద రసాయన ముద్రలు వేసుకుంటాయి. "తల్లి ఆలోచనలు, చదువు, బాధలు అన్నీ ఆర్.ఎన్.ఏ. ద్వారా పిల్లకు దిగుతాయి" అని ఎవరైనా చెబితే నమ్మకండి. నేను చెప్పినది గెంతే జన్యువుల మీది కాపలా గురించి మాత్రమే.

మన పట్టుపురుగు చెప్పిన రహస్యం

ఇప్పుడు చంద్రికల దగ్గరికి వద్దాం. పట్టుపురుగులో 28 జతల క్రోమోజోములు ఉన్నాయి. మనుషుల్లో మగవారికి ఎక్స్, వై అనే రెండు వేర్వేరు క్రోమోజోములు ఉంటే, పట్టుపురుగులో ఆడదానికి జడ్, డబ్ల్యు అనే రెండు వేర్వేరువి ఉంటాయి. మగదానికి రెండూ జడ్‌లే. 1933లో హషిమోటో అనే జపాన్ శాస్త్రవేత్త, డబ్ల్యు క్రోమోజోము ఒక్కటి ఉంటే చాలు, జడ్‌లు ఎన్ని ఉన్నా పురుగు ఆడదే అవుతుందని చూపించాడు. కాబట్టి డబ్ల్యులో ఆడతనాన్ని ఇచ్చే జన్యువు ఏదో ఉండాలి. అందరూ ప్రోటీను తయారుచేసే జన్యువు కోసం వెతికారు. డబ్ల్యు నిండా గెంతే జన్యువుల శిథిలాలే. ప్రోటీను జన్యువు దొరకలేదు.

81 ఏళ్ళ తర్వాత, 2014లో, టోక్యో విశ్వవిద్యాలయంలోని తకాషి కియుచి, సుసుము కత్సుమ బృందం జవాబు ప్రచురించింది. ఆడతనాన్ని నిర్ణయించేది ప్రోటీను కాదు, డబ్ల్యు నుంచి పుట్టే ఒకే ఒక పై-ఆర్.ఎన్.ఏ. దానికి వాళ్ళు "ఫెమ్" అని పేరు పెట్టారు. జడ్ క్రోమోజోము మీద "మాస్క్" అనే జన్యువు ఉంది. అది పనిచేస్తే పురుగు మగదవుతుంది. ఆడ పిండంలో ఫెమ్ వెళ్ళి మాస్క్ నకలును కత్తిరిస్తుంది. మాస్క్ నోరు మూతపడితే పురుగు ఆడదవుతుంది. గెంతే జన్యువులను అణచడానికి ఉన్న కాపలాదారుకు పట్టుపురుగు ఇంకో పని అప్పగించిందన్నమాట. ముప్పై అక్షరాలు కూడా లేని ముక్క ఒకటి ఆడ, మగ తేడాను నిర్ణయిస్తోంది.

ఇది పట్టు పరిశ్రమకు చిన్న విషయం కాదు. గ్రేనేజీలో సంకరం చేయాలంటే ముందు ఆడ ప్యూపాలను, మగ ప్యూపాలను వేరుచేయాలి. లేకపోతే సీతాకోకచిలుకలు బయటికి వచ్చీ రాగానే తమ జాతిలోనే కలిసిపోతాయి. అందుకని ప్యూపా పొట్ట చివర ఉండే గుర్తులను చూసి చేతితో ఏరుతారు. ఆడదానికి ఎనిమిదో కణుపు మీద ఇంగ్లీషు ఎక్స్ లాంటి గీత, మగదానికి తొమ్మిదో దాని మీద చుక్క. ఈ పనికి మంచి చూపు, అలవాటు కావాలి. పైగా మగ గూడులో బరువుతో పోలిస్తే పట్టు వంతు ఎక్కువ. లింగం ఎలా నిర్ణయమవుతుందో తెలిస్తే, ఈ ఏరివేతను తేలిక చేసే దారులు వెతకవచ్చు.

రెండు నిందలు

మొదటి నింద: ఆడపిల్ల పుడితే కోడలిని అనడం. మా బంధువుల్లో వరుసగా ముగ్గురు ఆడపిల్లలు పుట్టిన ఒక ఇంట్లో, ఆ తల్లి అత్తగారి మాటలు పడటం నేను చూశాను. మనుషుల్లో తల్లి ఇచ్చేది ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే. తండ్రి నుంచి ఎక్స్ వస్తే ఆడపిల్ల, వై వస్తే మగపిల్లవాడు. ఇందులో ఎవరి తప్పూ లేదు. తేడా తండ్రి వైపు నుంచే వస్తుంది. పట్టుపురుగులో మాత్రం అది తల్లి వైపు నుంచి వస్తుంది. పురుగుల విషయంలో నిజమైనదాన్ని మన ఇంటి ఆడవాళ్ళకు అంటగట్టకూడదు.

రెండో నింద: పిల్లలు పుట్టకపోతే ఆడదానినే గొడ్రాలు అనడం. పై-ఆర్.ఎన్.ఏ.ల అంచులు చెక్కే ట్రిమ్మర్ అనే ఎంజైము గురించి పైన చెప్పాను. 2016లో జపాన్ శాస్త్రవేత్తలు దానిని గుర్తించినది పట్టుపురుగు అండాశయం నుంచి తీసి ప్రయోగశాలలో పెంచుతున్న కణాల్లోనే. పై-ఆర్.ఎన్.ఏ. తయారీ సామగ్రి అంతా ఆ కణాల్లో ఉంటుంది కాబట్టి ప్రపంచమంతటా వాటిని వాడతారు. అదే ఎంజైము మనుషుల్లో కూడా ఉంది. 2021లో వెలువడిన ఒక వైద్య పరిశోధనలో, వీర్యంలో వీర్యకణాలే లేని కొందరు పురుషుల్లో ఈ ఎంజైము జన్యువు చెడిపోయి ఉందని, అందువల్ల వారి పై-ఆర్.ఎన్.ఏ.లు సరిగా తయారు కావడం లేదని తేలింది. పురుగు కణాల్లో కనిపెట్టిన విషయం ఐదేళ్ళలో మనిషి సంతానలేమికి ఒక కారణాన్ని చూపించింది. పిల్లలు లేని దంపతుల్లో ఇద్దరికీ పరీక్ష జరగాలి. ఈ ఒక్క మాట మీ ఇంట్లో పెద్దలకు చెప్పగలిగితే మీ చదువు అప్పుడే కొంత ఫలించినట్టు.

సైనైడ్ దిబ్బలు, డి.ఎన్.ఏ. దిబ్బలు

కె.జి.ఎఫ్. వెళ్ళినవారికి సైనైడ్ దిబ్బలు కనిపిస్తాయి. రాయిని పొడిచేసి, బంగారం తీసుకుని, మిగిలిన పొడిని వందేళ్ళకు పైగా గుట్టలుగా పోశారు. గాలి వీస్తే ఆ దుమ్ము ఇళ్ళలోకి వచ్చేది. అందరికీ అది చెత్తే. కాని ఆ దిబ్బల్లో ఇంకా కొంత బంగారం మిగిలి ఉందని గనుల వాళ్ళకు తెలుసు.

గెంతే జన్యువుల శిథిలాలను కూడా శాస్త్రవేత్తలు చాలాకాలం "చెత్త డి.ఎన్.ఏ." అన్నారు. పోలికను మరీ లాగకూడదు. ఆ దిబ్బలో ఎక్కువ భాగం నిజంగానే పనికిరానిది కావచ్చు. కాని పట్టుపురుగు ఆడతనం దొరికింది ఆ దిబ్బలోనే. నేరస్తుల రిజిస్టరు ఉన్నదీ అక్కడే. హైదరాబాదులోని సీసీఎంబీలో రేచల్ జేసుదాసన్ బృందం ఇలాంటి పనే ఎలుకల్లో చేసింది. ఎలుక వై క్రోమోజోములో మళ్ళీ మళ్ళీ వచ్చే, ప్రోటీను ఇవ్వని భాగాల నుంచి పై-ఆర్.ఎన్.ఏ.లు పుడుతున్నాయని, అవి వృషణంలో ఇతర క్రోమోజోముల మీది జన్యువులను అదుపు చేస్తున్నాయని 2021లో ప్రచురించింది. వై క్రోమోజోములో ఆ భాగం కొంత పోయిన ఎలుకల్లో వీర్యకణాల ఆకారం చెడి, సంతాన శక్తి తగ్గుతుంది.

మన పొలానికి ఏమిటి లాభం?

రైతు బిడ్డ అడగవలసిన ప్రశ్నే ఇది. పై-ఆర్.ఎన్.ఏ. తెలిసినంత మాత్రాన రేపే గూళ్ళ ధర పెరగదు. కాని దాని దగ్గరి బంధువు ఒకటి మన పురుగు దాకా వచ్చింది. 1998లో ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెలో, రెండు పోగుల ఆర్.ఎన్.ఏ.ను కణంలోకి పంపితే దానితో సరిపోయే జన్యువు నోరు మూతపడుతుందని చూపించారు. 2006లో వారికి నోబెల్ వచ్చింది. దీనిని ఆర్.ఎన్.ఏ. ఇంటర్‌ఫియరెన్స్ అంటారు.

పురుగు ఒళ్ళు ఉబ్బి, పాలలాంటి ద్రవం కారి చచ్చిపోయే గ్రాసరీ రోగం మీ ఇంట్లో చూసే ఉంటారు. నాలుగో జ్వరం దాటి, ఆకు ఖర్చంతా పెట్టాక ఈ రోగం వస్తే ఆ పంట అప్పు మిగిల్చి పోతుంది. ఇది ఒక వైరస్ వల్ల వస్తుంది. హైదరాబాదు సి.డి.ఎఫ్.డి.లో పనిచేసిన డాక్టర్ జె. నాగరాజు, హిందూపురంలోని ఆంధ్రప్రదేశ్ పట్టు పరిశోధన సంస్థవారితో కలిసి, ఆ వైరస్ జన్యువుల నోరు మూయించే ఆర్.ఎన్.ఏ.ను పురుగు తానే తయారుచేసుకునేలా చేశారు. వైరస్‌కు అత్యవసరమైన నాలుగు జన్యువులను ఒకేసారి అణచిన ఆ పరిశోధన 2013లో వెలువడింది. 2012 చివరిలో ఆయన మరణించారు. ఒక విశేషం చెప్పాలి. ఆ సూత్రాన్ని పురుగు డి.ఎన్.ఏ.లోకి ఎక్కించడానికి వాడిన బండి పిగ్గీబ్యాక్ అనే ఒక గెంతే జన్యువే. దొంగకు పగ్గం వేసి ఎడ్లబండికి కట్టినట్టు.

హిందూపురం మనకు ఎంత దూరం? హైదరాబాదు ఒక రాత్రి ప్రయాణం. బెంగళూరుకు బంగారుపేట నుంచి రోజూ వేలమంది రైల్లో పనికి వెళ్ళి వస్తున్నారు. అక్కడ ఐ.ఐ.ఎస్.సి. ఉంది. మైసూరులో కేంద్ర పట్టు పరిశోధన సంస్థ ఉంది. తిరుపతిలో 2015 నుంచి ఐసర్ ఉంది. ఇవన్నీ మన చుట్టుపక్కలవే. జీవశాస్త్రం తీసుకుంటే డాక్టరు సీటు, అది రాకపోతే ఏమీ లేదు అని మీలో చాలామంది అనుకుంటారు. మధ్యలో ఇంత పెద్ద దారి ఉందని చెప్పేవారు తక్కువ.

చివరిగా ఒక చిన్న పని అప్పగిస్తున్నాను. ఈ సెలవుల్లో మీ ఇంట్లోనో, పక్క ఇంట్లోనో పట్టుగుడ్లు తెచ్చినప్పుడు, తల్లి ఏ జాతి, తండ్రి ఏ జాతి అని అడిగి రాసుకోండి. గుడ్లు ఎన్ని రోజులకు పగిలాయి, జ్వరం నుంచి లేవడానికి ఎంతసేపు పట్టింది, గూళ్ళు ఏ రంగులో వచ్చాయి అన్నది తేదీలతో నోటుబుక్కులో రాయండి. రెండు మూడు పంటలు రాశాక మీకే ప్రశ్నలు పుడతాయి. వాటిని మీ లెక్చరర్లను అడగండి. వారికి తెలియకపోతే ఆ ప్రశ్నను పారేయకండి, దాచుకోండి. హషిమోటో ప్రశ్నకు జవాబు 81 ఏళ్ళకు దొరికింది.

మీ చదువులు చక్కగా సాగాలని కోరుకుంటున్నాను.